విహారయాత్ర యెవరికొరకు?

దసరా సెలవులు ముగిసి పాఠశాల తెరవగానే ప్రతి తరగతిలోను ఒక్కటే మాట వినబడును: "ఈ యేడు ఎక్కడికి?" అని. ఒకరు ఊటీ యందురు, ఒకరు మైసూరందురు, మరియొకరు హైదరాబాదందురు. ఇన్ని పేర్లు వచ్చినను ఎవరి నోటను రాని ప్రశ్న యొకటి కలదు. అది "ఎవరెవరు?" అనునది. ఈ ప్రశ్ననే ముందుగా అడుగవలెననియు, దానికి చెప్పు సమాధానమును బట్టియే ఎక్కడికి పోవలెనో నిర్ణయింపవలెననియు మా యభిప్రాయము. ఈ యభిప్రాయము కొందరు విద్యార్థులకు రుచింపదని మే మెరుగుదుము. అయినను పత్రికాముఖమున చెప్పక తప్పదు.

గత సంవత్సరము జరిగిన సంగతి నొకదానిని ఇచట చెప్పుదుము. మూడు పట్టణములను రెండు రాత్రులలో చూచి వచ్చునట్లు యాత్ర యేర్పాటయ్యెను. రుసుము హెచ్చుగా నుండుటచే ఒక తరగతిలో సగముమందికి మించి పోలేకపోయిరి. పోనివారిలో ఒక బాలుడు తనకు జ్వరమని చెప్పెను. యాత్ర ముగిసిన పిమ్మట ఉపాధ్యాయుడు యాత్రను గూర్చి వ్యాసము వ్రాయుడని తరగతి కంతటికిని చెప్పెను. ఆ బాలుడును వ్రాసెను. బస్సు ఎచట ఆగినదియు, ఉద్యానమున ఏ పువ్వులు పూచినదియు, రాత్రి ఎవరు పాడినదియు, అంతయు మిత్రులవలన విని చక్కగా వ్రాసెను. వ్యాసము దిద్దిన ఉపాధ్యాయునికి మార్కులు వేయుటకు చేయి రాలేదు. వానికి జ్వరము లేదనియు, ఇంట రుసుమునకు డబ్బు లేదనియు అప్పుడు తెలిసెను. తప్పు ఆ బాలునిది కాదు, వాని తల్లిదండ్రులదియు కాదు. యాత్రను ఏర్పరచిన మాది.

దూరదేశములు చూచుట మంచిదే. కొండలను, కోటలను, పరభాషలు మాటలాడు జనులను చూచినవాని బుద్ధి వికసించును. ఇందులో మాకు భేదాభిప్రాయము లేదు. శక్తిగల కుటుంబములు సెలవులలో తమ పిల్లలను ఎంతదూరమైనను తీసికొనిపోవచ్చును. కాని పాఠశాల పేర జరుగు యాత్ర వేరు. అది గణితమువలె, భూగోళమువలె ఒక పాఠము. రుసుము తెచ్చినవారికి మాత్రమే భూగోళము చెప్పి తక్కినవారిని బయట నిలువబెట్టు ఉపాధ్యాయుడు మనలో లేడు. యాత్ర విషయమున మాత్రము ఆ పనినే మనము ఏటేట చేయుచున్నాము. కావున అందరును పోగల చోటునకే పాఠశాల పోవలెను. అందరును పోగల చోటు సాధారణముగా దగ్గరి చోటై యుండును.

దగ్గరి చోట్లలో చూడదగిన దేమున్నదని కొందరు పెదవి విరుతురు. మన పెద్దలు అట్లు తలంపలేదు. కార్తికమాసమున వనభోజనములకు పోవువారు ఊరి వెలుపలి తోపులో ఉసిరిచెట్టు నీడను వెదకికొందురు గాని పరదేశము పోరు. నెల్లూరి చెరువు గట్టున బారాషహీదు దర్గా యొద్ద మొహరము దినములలో జరుగు రొట్టెల పండుగకు సకల మతములవారును వచ్చి, నీటిలో నిలిచి రొట్టెలు మార్చుకొందురు. ఒంగోలులో 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీని సూర్యోదయ వేళ జ్యూవెట్టు దొరగారును మరికొందరును ఎక్కి ప్రార్థించినది ఊరి చెంతనున్న చిన్న కొండయే. నేటికిని దానిని ప్రార్థనకొండ యనుచున్నారు. ప్రభువు తన బోధలలో దృష్టాంతములుగా తీసికొనినవియు వినువారు ప్రతిదినము చూచు పక్షులు, పొలములు, పువ్వులే. దగ్గరనున్న దానిని చూడ నేర్వనివాడు దూరముననున్న దానిని చూచినను ఫోటో తీసికొని వచ్చునే గాని చూచి రాడు.

మన జిల్లావారికి మే మెన్నిక చేయు చోటు నేలపట్టు. నెల్లూరునుండి మద్రాసు పోవు త్రోవలో, దొరవారిసత్రమునకు సమీపమున ఆ పక్షుల చెరువు కలదు. 2022వ సంవత్సరమున జిల్లాలు మార్చబడిన పిదప అది తిరుపతి జిల్లాలో చేరినను నెల్లూరివారికి దూరము పెరుగలేదు. 1976వ సంవత్సరమున ప్రభుత్వము దానిని పక్షిరక్షణస్థలముగా ప్రకటించెను. దాని విస్తీర్ణము సుమారు 459 హెక్టేరులు. ఈ సీమకు వర్షములో ఎక్కువ భాగము ఈశాన్య ఋతుపవనముల వలన అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును. చెరువు నిండి, నీటిలో నిలిచియుండు చెట్లు చిగిర్చినప్పుడు గూడబాతులు వచ్చి వానిపై గూళ్ళు కట్టును. నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణములు, నీటికాకులును వానికి తోడుగ వచ్చును. రెక్కలు చాచిన రెండు గజములకు మించు గూడబాతు చెరువుపై దిగుటయు, తల్లి సంచివంటి ముక్కులో పిల్ల తల దూర్చి చేపను తినుటయు చూచిన బాలుడు ఆహారశృంఖలమను మాటను మరల పుస్తకములో వెదకడు.

నేలపట్టునకు దక్షిణముననున్న సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు బాట పులికాటు సరస్సు మీదుగ పోవును. చిల్కా తరువాత మన దేశమున పెద్దదైన ఉప్పుకలిసిన సరస్సు ఇదియే. శీతకాలమున పొడవు కాళ్ళ ఫ్లెమింగోలు ఇచట లోతులేని నీటిలో నిలిచి, ముక్కును తలక్రిందుగ నీటిలో ముంచి, బురదను వడపోసి చిన్న జీవులను తినును. వాని రెక్కలలోని యెరుపు పుట్టుకతో వచ్చినది కాదు, ఆ తిండిలోనుండి వచ్చినది. ఒకవైపు ఈ పక్షులు, అదే బాట చివర రాకెట్టులు లేచు ద్వీపము: ఒక్క దినమున ఇంతకు మించిన పాఠ మేది కలదు? ఇట్టి చోటు మనకొక్కరికే కాదు. గుంటూరివారికి ఉప్పలపాడు, కైకలూరువారికి కొల్లేటియందలి ఆటపాక, కాకినాడవారికి కోరింగ మడ అడవులు, సిక్కోలువారికి తేలినీలాపురము ఉన్నవి. ఏ పాఠశాలకైనను దినములో పోయి రాగల చోటు వెదకిన దొరకకపోదు.

ఇక ఏర్పాటుల మాట. యాత్ర బాగుగ జరుగుటయు చెడుటయు బండి కదలక మునుపే చాలవరకు నిశ్చయమైపోవును. ఇప్పటి మన పద్ధతిలో ఒక ఉపాధ్యాయుడు బస్సు మాటలాడును, రుసుము వసూలు చేయును. విద్యార్థులు ఎక్కి కూర్చుందురు. ఇది సరికాదు. పై తరగతుల విద్యార్థులే ఒక మాసము ముందుగా ఏర్పాటులు చేయవలెను. ఉపాధ్యాయులు వెనుక నిలిచి సరిచూడవలెను. ఒక జట్టు దారిని, కాలమును పటముపై గుర్తించును. ఒకటి భోజనమును, ఒకటి లెక్కలను, ఒకటి మందులను, ఒకటి పరిశుభ్రతను చూచుకొనును. పని చేసినవానికే చోటుపై మమకారము పుట్టును.

యాత్రకు ముందు ఇద్దరు ఉపాధ్యాయులు ఆ చోటునకు స్వయముగ పోయి రావలెను. అచట చెరువు నిండినదా? వానలు తప్పిన యేడు చెరువు నిండదు, పక్షులును రావు. అట్టి యేడు పోయి వట్టి చెట్లను చూచి వచ్చుట వ్యర్థము. ఏ వారమున మూసియుందురు? త్రాగు నీరున్నదా? బాలికలకు మరుగుదొడ్లు ఉన్నవా, వానికి తలుపులును నీళ్ళును ఉన్నవా? ఈ చివరి ప్రశ్నను అడుగుటకు కొందరు సిగ్గుపడుదురు. అడుగకపోవుటచే బాలికలు ఉదయమునుండి సాయంకాలము వరకు నీరు త్రాగక బాధపడుచున్నారు. కొందరు దానికి భయపడియే ఇంట నిలిచిపోవుచున్నారు. అందుచేత ముందుగా చూచివచ్చు ఇద్దరిలో ఒకరు ఉపాధ్యాయినియై యుండవలెను. చంకకర్ర ఊతతో నడచు విద్యార్థి తరగతిలో నున్నయెడల, పక్షులను చూచు మెట్లగోపురము వరకే కాక, అతడు కూర్చుండి చూడగల గట్టు ఏదో కూడ ముందుగా చూచి రావలెను. అతడు బస్సులో కూర్చుండి ఇతరులకొరకు వేచియుండు యాత్ర అతనికి యాత్ర కాదు.

కాలమును గూర్చి ఒక మాట. పక్షులు ఉదయమునను సాయంకాలమునను చురుకుగ తిరుగును. మధ్యాహ్నమున చేరి ఎండలో అరగంట నిలిచి పోవువారికి కనబడునది కొద్ది. కావున తెల్లవారకమునుపే పాఠశాలయందు చేరి, వెలుగు రాగానే బయలుదేరి, చీకటి పడకమునుపే ఇల్లు చేరవలెను. రాత్రి ప్రయాణము మే మెంతమాత్రమును ఒప్పుకొనము. నిద్రలేని డ్రైవరు చేతిలో పిల్లలను పెట్టుట ధర్మము కాదు. పక్షుల పేర ఉత్సవము జరుగు దినములలో జనసమ్మర్దమున పోవుటకంటె మామూలు దినమున పోవుట మేలు. ఒక దినమునకు ఒక్క చోటు, మించిన రెండు చాలును. ఐదు చోట్లు చూచినవారు చూచినది బస్సు కిటికీనే.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణరక్షణము. 2014వ సంవత్సరము జూన్ 8వ తేదీని హిమాచలప్రదేశమున బియాస్ నది యొడ్డున నిలిచియున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, ఎగువనున్న లార్జీ ఆనకట్టనుండి విడిచిన నీటిలో కొట్టుకొనిపోయి మరణించిరి. వారు ఈదుటకు దిగినవారు కారు. నీరు తక్కువగనున్న నదిలోని రాళ్ళపై నిలిచి ఫోటోలు తీసికొనుచున్నవారు. 2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీని పాపికొండలకు పోవుచున్న పడవ గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగి అనేకులు మరణించిరి. ఆ దినములలో గోదావరి వరదతో నుండెను. ఈ రెండు దుఃఖములును మన తెలుగు ఇండ్లకు వచ్చినవే. వీనివలన మనము నేర్చుకొనవలసినది ఒక్కటి: నీరు ప్రశాంతముగ కనబడినంతమాత్రమున నమ్మరాదు. ఆనకట్టకు దిగువనున్న యేటిలో నిమిషములలో నీరు పెరుగును. సముద్రతీరమున అలలు తెచ్చిన నీరు ఒక్కొక్కచోట సన్నని ప్రవాహమై లోనికి లాగుకొనిపోవును; ఆ చోట అలలు తక్కువగ నుండుటచే అదియే క్షేమమని పిల్లలు భ్రమపడుదురు. కావున పాఠశాల యాత్రలో స్నానము లేదని నియమము పెట్టవలెను. పడవ యెక్కవలసివచ్చిన, రక్షకవస్త్రము తొడిగి బిగించుకొనని యొక్కరున్నను పడవ కదలరాదు.

పది మంది పిల్లలకు ఒక పెద్దవారు ఉండవలెను. ప్రతి విద్యార్థికి ఒక జత ఉండవలెను. జతకాడు కనబడనియెడల వెంటనే చెప్పుట రెండవవాని పని. బండి దిగినప్పుడును, ఎక్కినప్పుడును పేర్లు పిలువవలెను, తలలు లెక్కించుట చాలదు. మందుల పెట్టెలో గాయముల కట్లతో పాటు దాహమునకు కలుపు ఉప్పు చక్కెరల పొట్లములును ఉండవలెను. పాము కరచినయెడల కోయుట, పీల్చుట, త్రాటితో బిగించి కట్టుట మానవలెను. కరచిన కాలిని లేక చేతిని కదలనీయక, 108కి ఫోను చేసి, విషమునకు విరుగుడు మందున్న ప్రభుత్వ వైద్యశాలకు శీఘ్రముగ చేర్పవలెను. అట్టి వైద్యశాల ఎచట నున్నదో ముందే కనుగొని వ్రాసికొనవలెను. ఉరుము వినబడిన వెంటనే గట్టును, చెట్టును విడిచి బస్సులోనికి గాని కట్టడములోనికి గాని చేరవలెను.

భోజనము ఇంటినుండియే రావలెను. పులిహోర, పెరుగన్నము ఎండకు నిలుచును, అందరి ఇండ్లలోను వండదగినవి. ఒకరి డబ్బా ఒకరు చూచి చిన్నబోకుండ అన్నియు ఒక్కచోట చేర్చి, అందరికిని విస్తళ్ళలో వడ్డించుకొనుట మేలు. పలుచని ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1వ తేదీనుండి దేశమంతట నిషేధింపబడినవి. అడ్డాకు విస్తరి వాటికంటె అందమైనది, మట్టిలో కలియునది. తెచ్చిన దానిలో మిగిలినదంతయు తిరిగి బస్సెక్కవలెను.

అచటి నడవడిని గూర్చియు చెప్పవలెను. గూళ్ళ దగ్గర కేకలు వేసినను, రాళ్ళు విసరినను, పాటలపెట్టె మ్రోగించినను తల్లిపక్షులు బెదరి లేచిపోవును. ఆ కొద్ది సేపటిలోనే కాకులు గ్రుడ్లను ఎత్తుకొనిపోవును, లేదా ఎండకు పిల్లలు సొమ్మసిల్లును. మనకు ఒక నిమిషపు నవ్వు, దానికి ఒక యేటి సంతానము. ఆ చెరువు పక్షుల ఇల్లు, మనము అతిథులము. అతిథి గృహస్థుని బిడ్డలను బెదరింపడు.

చివరకు డబ్బు మాట. దీనిని దాచరాదు. బస్సుకెంత, ప్రవేశమునకెంత, మందులకెంత అని లెక్కల జట్టు గోడపై వ్రాసి అంటింపవలెను. మొత్తమును తలకింత యని పంచక, తరగతిలో కడపటి బీదవాడు ఇయ్యగల మొత్తమునే రుసుముగ పెట్టవలెను. తక్కినది పాఠశాల నిధినుండియు, పాత విద్యార్థుల చందాలనుండియు, శక్తిగల తల్లిదండ్రులు ముడుపు కట్టి పెట్టెలో వేయు సొమ్మునుండియు రావలెను. ఎవరు ఎంత వేసిరో, ఎవరు వేయలేకపోయిరో తరగతిలో చదువరాదు. అంతటను సొమ్ము చాలకున్న చోటును మార్చవలెను గాని పిల్లలను తగ్గించరాదు. నేలపట్టు కుదరనినాడు పెన్న యొడ్డునకు నడచిపోయి, ఇసుకలో కూర్చుండి, వచ్చు పక్షులను లెక్కించి వ్రాసికొని వచ్చినను అది యాత్రయే.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఊటీ పోలేదని చిన్నబుచ్చుకొనకుడు. వారిని పంపుటకు ముందు మేము పైన వ్రాసిన ప్రశ్నలన్నియు మమ్ము అడుగుడు. అడుగుట మీ హక్కు, చెప్పుట మా విధి. ఉపాధ్యాయ సోదర సోదరీమణులారా, యాత్ర మనకును విశ్రాంతిదినము కాదని తెలిసికొందము. విద్యార్థులారా, రుసుము తేలేని తోడివాడు మీ ప్రక్కనే కూర్చున్నాడు. వాడు తనంతట చెప్పడు. "ఎక్కడికి?" అని అడుగుటకు ముందు "అందరము వచ్చుచున్నామా?" అని అడుగుడు.

రాబోవు జనవరిలో, సంక్రాంతి సెలవులు ముగిసిన పిమ్మట, నేలపట్టునకు ఒకదిన యాత్ర చేయుదమని ప్రధానోపాధ్యాయులవారికి ఈ పత్రికాముఖమున మనవి చేయుచున్నాము. వారు అంగీకరింతురని నమ్మకము కలదు. ఆ దినమున పేర్లు పిలుచునప్పుడు తరగతి పట్టీలోని ప్రతి పేరునకును "వచ్చితిని" అను జవాబు వినబడవలెను. ఆ తరువాతనే బండి కదలవలెను. తరువాత వ్యాసము వ్రాయునాడు ఎవ్వరును ఇతరులను అడిగి వ్రాయవలసిన యవసరము ఉండకూడదు.